వార్తల వరుస



మన వికారాబాదు, తాండూరుల మీదుగా పోవు రైలుదారిలో జరిగిన యొక పరీక్షను పురస్కరించుకొని, నేడొక సూక్ష్మవిషయమును మనవి చేసెదను.

2022 మార్చి 4వ తేదీన, వికారాబాదునకు చేరువనున్న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల నడుమ రెండు ఇంజనులను ఒకే పట్టాలమీద ఎదురెదురుగా నడపిరి. ఒకదానియందు రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ గారే యుండిరి. 'కవచ్' అను సాధనము తనంతట బ్రేకులు వేయగా, రెండును 380 మీటర్ల యెడమున నిలిచిపోయినవి. ఇట్టి సాధనమునకు ప్రాణము రేడియోవార్తలు.

అయితే వార్త చేరుట వేరు, చదువబడుట వేరు. యంత్రమునకును కంప్యూటరునకును నడుమ వార్తాహరునివలె మెలగు ప్రోగ్రామును 'డివైస్ డ్రైవర్' అందురు. బండి నడపు డ్రైవరు కాడు సుమా! వచ్చిన వార్తలను అది వరుసగా నిలిపి, ముందు వచ్చినదానిని ముందుగా నందించును.

ఈ వరుసలో ఏ యంత్రమునందైనను పుట్టగల దోషమొకటి కలదు. వరుసలో 5 జాబులున్న వనుకొనుడు. చదువువాడు ఒకటి తీసి, మిగిలినవి 4 అని వ్రాయబోవుచున్నాడు. ఆ క్షణముననే క్రొత్తజాబు తెచ్చినవాడు పాతలెక్క 5 చూచి, 6 అని వ్రాసెను. పిదప మొదటివాడు తన 4 వ్రాసెను. ఉన్నవి 5, లెక్కలో 4. కడపటి జాబు లెక్కకెక్కలేదు. అది "ఆగుము" అను వార్తయైనచో గతి యేమి?

నేను చిరకాలము వ్యాకరణము చెప్పినవాడను. సూత్రములన్నియు శుద్ధములైనను, ప్రవర్తించు క్రమము తప్పినచో రూపము చెడును. ఇచటను పనివారిద్దరును నిర్దోషులే, క్రమమే చెడినది.

ఈ తప్పు వేయిమారులు నడపినను కనబడకపోవచ్చును. నిన్న బాగుగ నడచెననుట ప్రమాణము కాదు. కావున సరిదిద్దువాడు వార్తలను వెల్లువగా పంపి, ఆ దుర్ముహూర్తమును తానే రప్పించి చూడవలెను. పిమ్మట లెక్కకు తాళము వేయవలెను. ఒకడు ముట్టినంతసేపు రెండవవాడు ఆగును. ఆ తాళము రెప్పపాటుకంటె నెక్కువ యుండరాదు. ఆలసించినచో వార్తలు వాకిటనే పొంగి పొరలిపోవును.

మరియొక కట్టుబాటు కలదు. వెలుగవలసిన సిగ్నలు దీపము వెలుగకున్నచో, ఆగుమనియే గ్రహింపవలెనని రైలువారి నియమము. ప్రోగ్రాము వ్రాయువారికిని అదియే ధర్మము. వార్త రాకున్నచో క్షేమమని తలపరాదు.

మీ మనుమలలో నిట్టి పని చేయువారుందురు. ఒక్క యంకెకై రాత్రులు మేల్కొనుచున్నారని వారిని పరిహసింపకుడు. ఆ యంకెను నమ్మి బండెడు జనము నిద్రించుచుందురు.