చిగుళ్ళ రక్తం – తొలి నోటీసు

(ఖిదిర్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను దంతవైద్యుణ్ణి కాను, మీతోపాటు కౌంటర్లో కూర్చునేవాణ్ణి. రెండు పళ్ళు పోగొట్టుకున్న అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

విశాఖ నుంచి ఇక్కడికి బదిలీ అయిన కొత్తలో, పళ్ళు తోముకుంటుంటే ఉమ్మిలో ఎర్రటి చారలు కనిపించేవి. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. పైగా రక్తం వచ్చేచోట తోమడం మానేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. రెండేళ్ళకు కింది ముందుపళ్ళు రెండు కదలడం మొదలైంది. మా ఆవిడ పట్టుబట్టి డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో ఈ నగరంలోనే స్థాపించిన ఆ కళాశాల మన దేశంలో మొట్టమొదటి దంత కళాశాల.

అక్కడ తెలుసుకున్నది మన బ్యాంకు భాషలో చెబుతాను. పంటి మొదట్లో రోజూ పాచి చేరుతుంది. అందులో సూక్ష్మజీవులుంటాయి. తోమకుండా వదిలేస్తే ఉమ్మిలోని లవణాలతో కలిసి అది గారగా గట్టిపడుతుంది. ఇక బ్రష్‌కు లొంగదు. చిగురు వాచి, రక్తం కారుతుంది. ఈ దశ వాయిదా తప్పినా 90 రోజులు దాటని అప్పులాంటిది. శ్రద్ధ పెడితే ఖాతా మళ్ళీ సక్రమమవుతుంది. వదిలేస్తే చిగురు పంటిని విడిచి జారుతుంది, లోపల ఎముక కరుగుతుంది. అది ఎన్‌పీఏ. వైద్యంతో నష్టాన్ని ఆపవచ్చు గానీ, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

ఆ సందర్భంలోనే నాకు షుగర్ ఉందని కూడా బయటపడింది. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టం. పొగాకు ఇంకా ప్రమాదం. సిగరెట్ తాగేవారికి చిగురు లోపల చెడుతున్నా రక్తం తక్కువగా కనిపిస్తుంది, అంటే నోటీసే అందదు. ఖైనీ, గుట్కా సరేసరి. ఇక్కడి దుకాణాల్లో దొరికే గుల్, గుడాకు కూడా పొగాకు సరుకులే. వాటితో పళ్ళు తోమకండి.

"గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అని మా అమ్మ కూడా అనేది. అది అపోహ. అంతవరకూ గారతో పూడిన సందు బయటపడుతుంది, అంతే.

చేయవలసింది కొంచెమే. మెత్తటి బ్రష్‌తో పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి, 2 నిమిషాల చొప్పున తోమండి. బ్రష్‌ను చిగురు అంచువైపు వాల్చి, నెమ్మదిగా కదపండి. మూడు నాలుగు నెలలకోసారి బ్రష్ మార్చండి. పళ్ళ సందుల్లో దారంతోనో, సన్నటి బ్రష్‌తోనో శుభ్రం చేయండి. గర్భిణులకు చిగుళ్ళు త్వరగా వాస్తాయి. అప్పుడూ పళ్ళు శుభ్రం చేయించుకోవచ్చు, భయపడనక్కర్లేదు. ఇలా చేసినా రెండు వారాల్లో రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నా రెండు పళ్ళు రైటాఫ్ అయిపోయాయి. మిగిలినవాటికి ఆరు నెలలకోసారి తనిఖీ చేయిస్తున్నాను. ఈ రాత్రి తోముకున్నాక ఉమ్మి రంగు ఒక్కసారి చూసుకోండి, పిల్లలదీ చూడండి. ఎర్రగా ఉంటే నాలాగా రెండేళ్ళు ఆగకండి. సెలవు.