కుశలము కూడ కర్తవ్యమే



చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామివారి సన్నిధికి సాయంవేళ వచ్చు విద్యార్థులను మేము చూచుచుందుము. నారాయణగూడ కళాశాలలలో చదువువారు కొందరు. అశోక్‌నగర్ శిక్షణ కేంద్రములలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగువారు కొందరు. నగర కేంద్ర గ్రంథాలయము నుండి పుస్తకాల సంచితో నేరుగా వచ్చువారు మరికొందరు. ఆ మధ్య ఒక పిల్లవాడు తీర్థము పుచ్చుకొనుచు తూలినాడు. కూర్చుండబెట్టి అడుగగా ముందురోజు రాత్రి నుండి ఏమియు తినలేదని తేలినది. పాలమూరు ప్రాంతపు రైతుబిడ్డ. పగలు డిగ్రీ చదువు, సాయంకాలము శిక్షణ, రాత్రి నాలుగు గంటలు మాత్రమే నిద్ర.

"మా నాయన అప్పు తెచ్చి పంపిస్తున్నాడు పంతులుగారూ. కడుపునిండా తిని పడుకుంటే తప్పు చేసినట్టు అనిపిస్తది. రోజూ ఫోన్ చేసి తిన్నవా బిడ్డా అంటడు. తిన్న అని చెప్త" అన్నాడు.

మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. ఆ మాటలో పితృభక్తి ఉన్నది. అది పట్టిన త్రోవ మాత్రము శాస్త్రమునకు విరుద్ధము.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదునొకండవ అనువాకమున, వేదము చెప్పి ముగించిన ఆచార్యుడు శిష్యునకు వేటియందు ఏమరుపాటు కూడదో చెప్పుచున్నాడు. సత్యమునందు, ధర్మమునందు, ఆ వెంటనే కుశలమునందు. ఈ కుశల శబ్దమునకు శంకర భగవత్పాదులు ఆత్మరక్షణకై చేయు కర్మ అని అర్థము చెప్పినారు. తల్లిని, తండ్రిని దేవతగా భావింపుమను ఉపదేశము దీని తరువాతనే వచ్చుచున్నది. కావున తన్ను తాను కాపాడుకొనుట తల్లిదండ్రుల ఋణమునకు అడ్డు కాదు. ఆ ఋణము తీర్చువాడు ముందుగా చేయవలసిన పని. ఈ బిడ్డ తండ్రి కొరకని కుశలము విడిచినాడు. దానిని దాచుటకు ఆ తండ్రితోనే సత్యమును గూడ విడిచినాడు.

ఈ తప్పు మేమును చేసినవారమే. పాఠశాలలో ఘన చెప్పుకొను దినములలో తోటివారిని మించవలెనను ఆత్రముతో రాత్రులు మేలుకొని పనసలు వల్లె వేసితిమి. నెల తిరుగక మునుపే గొంతు పోయినది. అప్పుడు మేము వారాలు చేసుకొని చదువుచుంటిమి. దినమునకొక యింట భోజనము. గురువుగారు పిలిచి, "ఏడిండ్ల తల్లులు పెట్టిన అన్నముతో పెరిగిన కంఠమిది. పాడుచేయు హక్కు నీకెవరిచ్చిరి?" అని, పక్షము దినములు వినుటయే గాని పలుకరాదని శాసించినారు. అంతటి శిక్ష మరి యెన్నడును పొందలేదు.

పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు మాకు అనధ్యయన దినములు. బట్టలుతుకుకొనుట, ఇంటికి ఉత్తరము వ్రాయుట, కంఠమునకు విశ్రాంతి. అది బద్ధకమునకిచ్చిన సెలవు కాదు. ఆ దినమున పాఠము చెప్పుటయే దోషము. ఆదివారము గూడ పరీక్షలు పెట్టు శిక్షణ కేంద్రములవారు ఈ మాట వినిన బాగుండును! అట్లని సెల్‌ఫోను చూచుచు అర్ధరాత్రి దాటించుట విశ్రాంతి కాదు. చదివినది మనస్సున కుదురుకొనుటకు నిద్ర కావలెనని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

పైగా ఈ పరీక్షలు ఒక్క పరుగుతో ముగియునవి కావు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2023 మార్చిలో రద్దయినది. 2023 జూనులో మరల వ్రాసిరి. సెప్టెంబరులో హైకోర్టు దానినీ కొట్టివేసినది. 2024 జూనులో మూడవమారు వ్రాయవలసివచ్చినది. మొదటి మారే శరీరమును తగులబెట్టుకొన్నవానికి మూడవ మారునకు మిగులునదేమి?

ఆ పిల్లవానికి ముందు ప్రసాదము పెట్టించి మేము చెప్పినవి కొద్దియే. ఆరు గంటలకు తగ్గక నిద్రింపుము. వారమున ఒక పూట అనధ్యయనముగా ఉంచుకొనుము. చేత పైకము లేని నాడు నగరపాలక సంస్థ 2014లో ఆరంభించిన అయిదు రూపాయల భోజనమునకు వరుసలో నిలుచుటకు సిగ్గుపడకుము. వారాలన్నము తిన్న మేము చెప్పుచున్నాము. మనస్సు మరీ క్రుంగిన, ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయుము. అన్నిటికన్న ముందు నేటి రాత్రి నాయనకు నిజము చెప్పుము.

మరుసటి శనివారము మరల వచ్చినాడు. చెప్పినాడట. తండ్రి కోపపడలేదట, చాలసేపు పలుకలేదట. ఇప్పుడు ప్రతిరాత్రి తిన్నవా అని అడుగుట మాని, ఏమి కూరతో తిన్నావో చెప్పుమనుచున్నాడట.