నర్సు వృత్తిలో వికలాంగులకు చోటు

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగనే, చేత దీపము బట్టి క్షతగాత్రుల మంచముల నడుమ తిరుగు స్త్రీమూర్తి మన మనసున మెదలును. అయితే క్రిమియా యుద్ధమునుండి మరలివచ్చిన పిమ్మట, 1857 మొదలుకొని, ఆమె పెక్కేండ్లు రోగపీడితురాలై గది దాటి రాలేకుండెనన్న సంగతి అంతగా ప్రచారములో లేదు. 1860లో లండనునందు సెంటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాలను నెలకొల్పుటయు, మన దేశమందలి సైనికుల ఆరోగ్యస్థితిని పరిశోధించుటయు ఆమె ఆ యనారోగ్యముతోనే సాగించినది. అట్టి స్త్రీ నేడు నర్సింగు కళాశాలకు దరఖాస్తు పెట్టినచో చోటు దొరకునా?

ఇట్టి ప్రశ్నయే అమెరికాలో సుప్రీముకోర్టు వరకు పోయినది. ఫ్రాన్సిస్ డేవిస్ అను నామెకు వినికిడి తక్కువ. ఎదుటివారి పెదవుల కదలికను జూచి మాట గ్రహించెడిది. ఉత్తర కరోలినా రాష్ట్రమందలి ఒక కళాశాల ఆమెను నర్సింగు చదువునకు చేర్చుకొనలేదు. శస్త్రచికిత్స గదిలో అందరును ముఖమునకు మాస్కు కట్టుకొందురు. అపుడు డాక్టరు చెప్పునది ఆమెకెట్లు తెలియునని శంక. 1979లో తీర్పు కళాశాల పక్షముననే వచ్చినది.

ఆ శంకను తేలికగా త్రోసిపుచ్చరాదు. మంచముమీది రోగి ప్రాణము అన్నిటికంటె ముందు. కాని పెదవులు కనబడు మాస్కులు నేడున్నవి. గుండెచప్పుడును హెచ్చించి వినిపించు స్టెతస్కోపులున్నవి. దానిని తెరపై గీతలుగా చూపునవియు నున్నవి. అదిగాక, ప్రతి నర్సును శస్త్రచికిత్స గదిలోనే పనిచేయదు. పసిపిల్లల తల్లులకు బోధించుట, టీకాల లెక్కలు చూచుట, క్రొత్త నర్సులకు పాఠము చెప్పుట కూడ నర్సు పనులే.

మన దేశమున 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5కు తగ్గకుండ స్థానములు కేటాయింపవలెనన్నది. అయినను భారత నర్సింగు కౌన్సిలు చేసిన ప్రవేశ నియమములు ఈ సదుపాయమును కాలి వైకల్యము, అదియు 40 నుండి 50 శాతము లోపల, ఉన్నవారికే పరిమితము చేసినవి. చేయి, చెవి, కన్ను లోపించినవారు వెలుపలనే నిలిచిరి. 2024 అక్టోబరులో వైద్యవిద్యను గూర్చి సుప్రీముకోర్టు వేరొక దారి చూపినది: శాతమును మాత్రమే చూచి త్రోసివేయరాదు, ఆ విద్యార్థి చదువు సాగింపగలడా యని పరీక్షింపవలెను. నర్సింగు విద్యకును ఈ న్యాయమే తగును.

ఇది క్రొత్తగా చేరువారి మాట మాత్రమే కాదు. ఏండ్ల తరబడి రోగులను లేవనెత్తి, పండుకొనబెట్టి, నడుము దెబ్బతిన్న నర్సులెందరో కలరు. ఆ నడుముతోపాటు వారి అనుభవమును కూడ ఇంటికి పంపివేసినచో నష్టము ఆసుపత్రిదే, రోగిదే.

పని ప్రమాణమును తగ్గింపుమని ఎవరును కోరుట లేదు. సూది మందు సరిగా పడవలెను; రోగి బాధ తెలియవలెను. ఆ పని యే విధముగా నెరవేరునో ఆ విధమును ఆమెనే అడుగుదము. ఆమెకు లేనిదేమో లెక్కించుటకు ముందు, చేయగలిగినదేమో చూతము.