ఎఫెసు పక్కన సెల్చుక్

టర్కీ పడమటి తీరానికి దగ్గర్లో, ఇజ్మీర్‌కు దక్షిణంగా సెల్చుక్ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే ప్రాచీన ఎఫెసస్ శిథిలాలు. బైబిలు చదివేవారికి ఎఫెసుగా పరిచయమే. నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయి ఆ మహానగరం క్షీణించింది. జనం అయసులుక్ గుట్ట చేరారు. నేటి సెల్చుక్ అక్కడ పెరిగిందే.

ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయం చోట ఇప్పుడున్నది ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభం. దాని కొసన కొంగలు గూడు కడతాయి. అక్కడే నిలబడి తలెత్తితే 1375 నాటి ఈసా బే మసీదు, ఆపైన 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ జాన్ చర్చి శిథిలాలు, ఇంకా పైన కోట ఒకే చూపులో కనిపిస్తాయి. నాకైతే ఊరి చరిత్రంతా ఆ చూపులోనే ఉంది.

ఎఫెసస్‌లో సెల్సస్ గ్రంథాలయాన్ని తప్పక చూడండి. సెల్సస్ స్మృతిగా ఆయన కొడుకు కట్టించాడు. తండ్రి సమాధి కూడా ఆ గ్రంథాలయం కిందే ఉంది. వేసవిలో వెళ్తే ఎండ ముదరకముందే, పొద్దున్నే బయల్దేరండి.