మోచేతి శస్త్రచికిత్స బిల్లును చదవడం నేర్చుకుందాం

(ప్రొద్దుటూరులో జరిగిన ఆరోగ్య హక్కుల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



శుక్రవారం నమాజు ముగిసిన పిదప ఆసుపత్రి ఖర్చులకై చందా అడగడం మనకు కొత్త కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో మా వద్దకు వచ్చే విన్నపాలలో ఎముకలు విరిగినవారివి తరచుగా ఉంటాయి. వారిలో మోచేయి విరిగినవారి సంగతి నేడు ప్రత్యేకంగా చెప్పదలచాము. కుట్టుమిషను తొక్కే దర్జీకి, పరుపులు కుట్టే దూదేకుల సోదరునికి, తాపీ పట్టే బేల్దారికి, రెంచి తిప్పే మెకానిక్‌కు మోచేయి వంగకపోతే జీవనోపాధి లేదు. అదే ఎముకకు, అదే శస్త్రచికిత్సకు ఒక కుటుంబం పైసా చెల్లించకుండా ఇంటికి వెళుతున్నది. మరొక కుటుంబం నగలు కుదువ పెడుతున్నది. ఈ తేడా అనేక సందర్భాలలో కాగితం మీద పుడుతున్నది.

మోచేతి వద్ద మూడు ఎముకలు కలుస్తాయి. భుజం నుండి దిగివచ్చే హ్యూమరస్, చిటికెనవేలి వైపున ఉండే అల్నా, బొటనవేలి వైపున ఉండే రేడియస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 వర్గీకరణలో హ్యూమరస్ కింది భాగం విరిగితే ఎస్42.4, అల్నా పైభాగం విరిగితే ఎస్52.0, రేడియస్ పైభాగం విరిగితే ఎస్52.1 అని వ్రాస్తారు. ఇది జబ్బుకు పెట్టిన సంఖ్య. చేసిన చికిత్సకు మరొక సంఖ్య ఉంటుంది. పిల్లలలో ఎక్కువగా కనిపించే హ్యూమరస్ విరుపుకు చర్మం కోయకుండా సన్నని తీగలు దింపడం ఒక చికిత్స. కోసి ప్లేటు, స్క్రూలు బిగించడం వేరొకటి. రెండింటికీ ధర వేరు. కనుక కాగితం మీద ఏ ఎముక, ఏ చికిత్స అని వ్రాశారన్నదే బిల్లుకు పునాది.

ఈ విద్య మన బిడ్డలకు తెలియనిది కాదు. డిగ్రీ చదివిన మన యువతీయువకులు హైదరాబాదు, చెన్నై నగరాలలో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్నారు. అమెరికాలో ఒక పిల్లవాడి మోచేతికి తీగలు దింపితే 24538 అని, అల్నా పైభాగాన్ని కోసి బిగిస్తే 24685 అని ఇక్కడ కూర్చుని నమోదు చేస్తారు. శస్త్రచికిత్స తరువాత తొంభై దినాల సాధారణ పరీక్షలు ఆ ధరలోనే ఇమిడి ఉన్నాయని వారికి తెలుసు. సముద్రాల అవతలి మోచేతి లెక్క సరిచూడగల మన బిడ్డ, సొంత మేనమామ చేతికి వచ్చిన బిల్లును ఒక్కసారి చూడకపోవడం విచారకరం.

ఇక మన రాష్ట్రపు ఏర్పాటును చూద్దాం. పులివెందుల శాసనసభ్యులుగా ఉండి ముఖ్యమంత్రి అయిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీని ఆరంభించింది. మరుసటి ఏడాదికి అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చి, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నది. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. ప్రతి చికిత్సకు ఒక కోడు, ఆ కోడుకు ఒక ప్యాకేజీ ధర. పరీక్షలు, శస్త్రచికిత్స, లోపల అమర్చే తీగలు, ప్లేట్లు, మందులు, భోజనం ఆ ప్యాకేజీలోనివే. ఇంటికి పంపిన తరువాత పది దినాల మందులు, ముప్పది దినాల లోపు తలెత్తే చిక్కులకు చికిత్స కూడా అందులోనే చేరి ఉన్నాయి. కనుక పథకం కింద చేర్చుకున్న రోగిని “ప్లేటుకు వేరుగా చెల్లించండి” అని అడిగితే, ఆ మాట అంగీకరించదగినది కాదు. అక్కడే ఉండే వైద్యమిత్రను పిలవండి. 104కు ఫోను చేయండి. చెల్లించక తప్పకపోతే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఆసుపత్రుల పక్షాన ఉన్న ఇబ్బందిని కూడా దాచరాదు. ప్రభుత్వం నుండి బకాయిలు రాలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు ఉన్నాయి. అట్టి సమయాన ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, కడప సర్వజన ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలను ముందుగా ఆశ్రయించడం మేలు. బకాయి ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్య వ్యవహారం. దాని భారం దర్జీ ఇంటి నగల మీద పడరాదు.

మన సమాజానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. అది పేరు. ఆధారులో షేక్ మహబూబ్ బాషా. బియ్యం కార్డులో ఎస్. మాబుబాష, ఆసుపత్రి చీటీలో మాబు. ఆధారులో హుస్సేన్ బీ, కార్డులో హుస్సేనమ్మ. ముగ్గురూ ఒకరేనని వీధి అంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. పుట్టిన బిడ్డ పేరు కార్డులో చేర్చని ఇళ్ళు కూడా ఉన్నాయి. చేయి విరిగిన రాత్రి ఈ తప్పు దిద్దుకోవడం కష్టం. ఈ నెలలోనే ప్రతి ఇంట కార్డులు ఎదురెదురుగా పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధారు కేంద్రంలో, సచివాలయంలో సరిచేయించండి.

కాలం విలువ కూడా చెప్పాలి. దెబ్బ తగలగానే పుత్తూరు కట్టుకు బయలుదేరడం మన ప్రాంతంలో తరతరాల అలవాటు. బిడ్డ మోచేయి విరిగినప్పుడు రక్తనాళం నలిగి ఉండవచ్చు. బిగుతు కట్టు దానికి తోడైతే ముంజేతి కండరాలు చచ్చుబడి, వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోగలవు. వేళ్ళు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా, చాచినప్పుడు భరించలేని నొప్పి వచ్చినా గంటల లెక్కన ప్రమాదం. నేరుగా ఎముకల శస్త్రవైద్యుని వద్దకు వెళ్ళండి. అత్యవసర రోగికి చికిత్స నిరాకరించరాదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో స్పష్టం చేసింది.

పథకం వెలుపల, సొంత డబ్బుతో చేయించుకునేవారికి నాలుగు మాటలు. మొదటిది, శస్త్రచికిత్సకు ముందే అంచనా ఖర్చు వ్రాతపూర్వకంగా అడగండి. రెండవది, మొత్తం ఒక్క పంక్తిలో వ్రాసిన బిల్లును అంగీకరించకండి. గది, వైద్యుడు, మత్తు, మందులు, ప్లేటు విడివిడిగా ఉండాలి. మూడవది, లోపల అమర్చిన వస్తువు పెట్టెపై చీటీని, దాని గరిష్ఠ ధరను చూసి నకలు తీసుకోండి. నాలుగవది, శస్త్రచికిత్సకు ముందు, తరువాత తీసిన ఎక్స్‌రేలను, డిశ్చార్జి పత్రాన్ని భద్రపరచండి. అన్యాయం జరిగిందని భావిస్తే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

చివరగా ఒక ప్రతిపాదన. మూడు పట్టణాలలోనూ కోడింగ్ నేర్చిన యువతీయువకులు సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు నెలకు ఒక పూట మసీదు ఆవరణలో కూర్చుని బిల్లులు, కార్డులు చూసి పెట్టాలి. దరఖాస్తులు వ్రాసే పని మా వంటి విశ్రాంత ఉద్యోగులం చేస్తాము. జకాతు సొమ్ము పేదల హక్కు. ప్రభుత్వం చెల్లించవలసిన చోట దానిని వెచ్చిస్తే, ఏ పథకమూ లేని వితంతువుకు, అనాథకు ఆ మేరకు తగ్గుతుంది. చందా కోసం చేయి చాచడానికి ముందు కాగితం తెరచి చదువుదాం. వచ్చే శుక్రవారం నుండే పేర్లు నమోదు చేసుకుంటాము, ముందుకు రండి.

సెలవు.