మత్తు బాధితులు – మన బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మత్తు పదార్థాలు మనకు నిషిద్ధమని తెలియనివారు మనలో లేరు. ఈ మింబర్ మీది నుంచి ఆ మాట ఎన్నోసార్లు విన్నాము. నేడు మరొక ప్రశ్న వేసుకుందాము. మన ఇంటి బిడ్డే ఆ ఊబిలో దిగబడితే మనమేమి చేస్తున్నాము?

దాస్తున్నాము. బంధువులకు తెలిస్తే పరువు పోతుందని, చెల్లెలి సంబంధం తప్పిపోతుందని, పోలీసు కేసు అవుతుందని భయపడుతున్నాము. గదిలో పెట్టి తాళం వేస్తున్నాము. లేదా ఇంటి నుంచి వెళ్లగొడుతున్నాము. ఈ లోగా వ్యసనం ముదిరిపోతున్నది.

ఈ భయాల్లో ఒకదానికి చట్టమే సమాధానమిచ్చింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వ్యాపారుల పట్ల కఠినమైనది. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడితే 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష. అయితే అదే చట్టంలోని 64-ఎ సెక్షన్, వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, గుర్తింపు పొందిన కేంద్రంలోగాని చికిత్స పొందితే, మత్తు సేవించినందుకూ, స్వల్ప పరిమాణంలో కలిగి ఉన్నందుకూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తున్నది. చికిత్స మధ్యలో మానివేస్తే ఆ రక్షణ తొలగిపోవచ్చు. కాబట్టి బిడ్డను చేర్పించి వచ్చేయటం కాదు, చివరిదాకా వెంట నిలవాలి. కొట్టి, కట్టివేసి మాన్పిస్తామనే గుర్తింపు లేని చోట్లకు పంపరాదు.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో నల్లమందు, హెరాయిన్ వంటి మత్తుల వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు దాదాపు 77 లక్షల మంది. సూదుల ద్వారా మత్తు ఎక్కించుకునేవారికి హెచ్‌ఐవీ సోకకుండా ప్రభుత్వం శుభ్రమైన సూదులు అందజేస్తున్నది. హెరాయిన్‌కు బదులుగా వైద్యుల పర్యవేక్షణలో నాలుక కింద కరిగే మాత్ర ఇస్తున్నది. ఇది మత్తును ప్రోత్సహించటం కాదా అని కొందరు అడుగుతారు. కాదు. ప్రాణం నిలిస్తేనే కదా పశ్చాత్తాపానికి అవకాశం!

దైవప్రవక్త (సఅసం) కాలంలో మద్యం సేవించి పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని తోటివారొకరు శపించారు. ఆయన వారిని వారించి, ఆ వ్యక్తికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారు. ఆ మనిషికి శిక్ష తప్పలేదు. కాని సమాజం నుంచి వెలి కూడా కాలేదు. మనమేమో శిక్ష పడకముందే వెలివేస్తున్నాము.

సోదరులారా! ప్రభుత్వం చట్టం చేయగలదు, ఆసుపత్రి తెరవగలదు. ఆ గడప దాకా బిడ్డను నడిపించవలసింది మనమే. వ్యసన విముక్తి సలహా కోసం 14446 అనే ఉచిత నంబరు ఉన్నది. మత్తు అమ్మేవారి గురించి ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, తెలంగాణలో 1908కు తెలియజేయవచ్చు. మన మస్జిద్ కమిటీలో ఇద్దరు నమ్మకస్థులైన పెద్దలు ముందుకు రావాలి. సహాయం కోరే కుటుంబం వెంట ఆసుపత్రికి వెళ్లాలి; విన్న మాటను కడుపులో దాచుకోవాలి. కోలుకుని వచ్చిన యువకునికి దుకాణం ఉన్నవారు పని చూపాలి. అతడు నమాజుకు వచ్చి నిలబడితే పక్కవారు జరిగి చోటివ్వాలి. మళ్లీ జారిపడితే మళ్లీ లేపాలి.

ఓ అల్లాహ్! మా బిడ్డలను మత్తు నుంచి కాపాడు. చిక్కుకున్నవారికి స్వస్థత ప్రసాదించు. వారి ముందు తలుపులు మూసేవారిగా కాక, చేయి పట్టుకునేవారిగా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్.