సర్వపిండి సంగతి
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏదైనా సాంకేతిక విషయం మాట్లాడమని కమిటీ వాళ్లు అడిగారు. ముప్పై ఏళ్లుగా ఉద్యోగంలో అదే మాట్లాడుతున్నాను. ఇవాళ సర్వపిండి గురించి మాట్లాడతాను. అందులోనూ ఇంజనీరింగ్ ఉంది.

1994లో ఉద్యోగానికి ధన్‌బాద్ వెళ్లాను. గోదావరిఖని పిల్లాడికి అక్కడ కొత్తేమీ కనిపించలేదు. అదే బొగ్గు పొడి, అవే షిఫ్టులు, పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగు. తిండి దగ్గరే తేడా వచ్చింది. అక్కడి లిట్టీని చిన్నబుచ్చను. గోధుమపిండి ఉండలో సత్తు కూరి నిప్పుల మీద కాల్చి, వంకాయ చోఖాతో పెడతారు. ఇష్టంగానే తిన్నాను. కానీ వాన పడ్డ సాయంత్రం నాలుక అడిగింది వేరే.

బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం. సర్వకు లోపల నూనె రాసి, పిండిని పలచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టాలి. కొందరు గిన్నప్ప అంటారు, కొందరు తపాలచెక్క అంటారు. మా ఇంట్లో అది ముందు నాన్న డబ్బాలోకి వెళ్లేది. నాన్న కోల్‌ఫిల్లర్. బాయిలో తినడానికి అన్నం, కూర కంటే అదే సుఖం, ఒలికేది ఏమీ ఉండదు. చేతికి బొగ్గు ఉంటుంది కాబట్టి పట్టుకున్న అంచు వదిలేసి మిగతాది తినేవాడు. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తగరపు గనుల కార్మికులు పేస్టీ అనే రొట్టె పట్టుకెళ్లేవారని ఒకసారి ఆయనకు చెప్పాను. "అండ్ల పల్లీలు ఏస్తరా?" అని అడిగాడు.

ధన్‌బాద్ గదిలో పెనం మీద చేస్తే మహారాష్ట్ర థాలీపీఠ్‌కు చుట్టంలా వచ్చింది. కారణం పాత్రలో ఉంది. సర్వ అడుగు గుండ్రం. పిండి గోడల మీదికి పాకుతుంది కాబట్టి నడుమ మెత్తగా, అంచున కరకరలాడుతుంది. మూత కింది ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది. బొగ్గు పొయ్యి వేడి అడుగంతా ఒకే తీరుగా తాకేది. గ్యాస్ మంట ఉంగరంలా ఉంటుంది, సర్వను తిప్పుతూ ఉండాలి.

నాన్న పోయాక అమ్మ బరోడాలో మా ఇంటికి వచ్చింది. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో ఇత్తడి సర్వ. మాది ఇండక్షన్ పొయ్యి. దాని మీద ఇత్తడి వేడెక్కదు, గుండ్రటి అడుగు నిలవదు. "మంట లేని పొయ్యేంది బిడ్డా" అని సర్వను అల్మారా మీద పెట్టింది. మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమైంది. చిన్న గ్యాస్ పొయ్యి కొన్నాను.

ఒకటి దించాక సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి. లేకపోతే రెండోది అద్దేటప్పుడు చెయ్యి కాలుతుంది. ఖనిలో రెండు సర్వలు ఉండేవి, ఇక్కడ ఒక్కటే. అందరం తినేసరికి గంట దాటుతుంది. ఇప్పుడు అమ్మకు డెబ్బై ఎనిమిది, మణికట్టు సహకరించదు. నేను అద్దుతాను, ఆమె కుర్చీలో కూర్చుని వింటుంది. పిండిలో తడి తగ్గేకొద్దీ చిటపట తగ్గుతుంది. "సప్పుడు ఆగింది, దించు" అంటుంది. నా చెవికి ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. దించితే ఆమె మాటే నిజం.

సింగరేణిలో ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నారు. మా బెంచీ నలుగురిలో ఖనిలో మిగిలింది ఒక్కడే. క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు ఎన్ని సర్వలు పాత సామాన్ల బండి ఎక్కాయో! మీ ఇంట్లో ఉంటే తూకానికి అమ్మకండి, నాకు రెండోది కావాలి.

మధ్యాహ్నం భోజనంలో సర్వపిండి ఉందట. సర్వలోనే కాల్చారా అని కమిటీని అడిగాను. జవాబు ఇంకా రాలేదు.